మత్తు దిగిన తర్వాతే అసలు వైద్యం

దుకాణం మూసినా, సీసా పగులగొట్టినా పోని వేరును వెదికితేనే తాగుడు మానేది

అల్మాస్‌గూడ: సాయంత్రం ఆరు గంటల వేళ. పని దిగిన కూలీలు కర్మన్‌ఘాట్, మీర్‌పేటల మీదుగా అల్మాస్‌గూడ వైపు ఇళ్లకు మరలుతుంటారు. సిమెంటు అంటిన చేతులు, భుజాన టిఫిను సంచి, జేబులో ఆనాటి కూలి. ఇల్లు ఇంకా కొంత దూరమున్నది. ఆ కొంత దూరమే అనేక సంసారాల తలరాతను తేలుస్తున్నది. దారిలో ఆగకుండా ఇల్లు చేరితే పొయ్యి వెలుగుతుంది. ఆగితే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఒకనాడు సరూర్‌నగర్ మండలంలో పొలాల నడుమ ఉన్న పల్లె అల్మాస్‌గూడ. 2016లో జరిగిన పునర్విభజనతో రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలోకి వచ్చింది. పొలాలు ప్లాట్లయినవి, ప్లాట్లు కాలనీలయినవి. ఆ కాలనీల గోడలు లేపడానికి పాలమూరు, నల్లగొండ పల్లెలు వదలి వచ్చినవారు ఎందరో. ఊరిలో ఉన్న పెద్ద దిక్కు, చుట్టం పక్కం, చావడి కబుర్లు అక్కడే ఉండిపోయినవి. ఇక్కడ వారికి మిగిలినవి పని, అద్దె గది, పొద్దు గూకితే గుర్తుకు వచ్చే సీసా.

తాగుడు మానిపించడానికి వైద్యమున్నదని ఈనాడు చాలామందికి తెలుసు. అయితే ఆ వైద్యం రెండు భాగాలని, మొదటి భాగంతోనే అందరూ ఆగిపోతున్నారని తెలిసినవారు తక్కువ. ఒంట్లోని మత్తును దించడం మొదటి భాగం. ఆ మత్తును మనిషి ఎందుకు కోరుకున్నాడో తెలుసుకొని, ఆ కారణానికి చికిత్స చేయడం రెండవది. ఈ రెండవది జరగకనే ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషి నెల తిరగకుండా మళ్లీ పాత దారి పడుతున్నాడు.

ఒక మేస్త్రి ఇంటి సంగతి

ఒక ఇంటి సంగతి తీసుకుందాం. ఇది ఫలానా వారి ఇల్లని వేలు పెట్టి చూపేది కాదు. నగరపు అంచు బస్తీలలో ఇటువంటి ఇల్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది గనుక ఒక పోలికగా చెప్పుకోవచ్చు.

ఇంటి యజమాని తాపీ మేస్త్రి. దేవరకొండ వైపు నుంచి పదిహేనేళ్ల క్రితం భార్యతో వచ్చాడు. చేతిలో పనితనమున్నది. ఒకనాడు సారువ మీద నుంచి జారి పడ్డాడు. నడుము పట్టేసింది. రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టేది కాదు. తోటి కూలీ ఒకడు కల్లు కంపౌండుకు తీసుకువెళ్లాడు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. మొదట వారానికొకసారి, తర్వాత రోజూ. ఏడాది గడిచేసరికి ఉదయం లేవగానే చేతులు వణకడం మొదలయింది. చేతులు వణికితే తాపీ పట్టలేడు. తాపీ పట్టాలంటే ముందు తాగాలి. అప్పటికి నడుము నొప్పి మాట ఎవరికీ గుర్తు లేదు. "తాగుబోతు" అనే పేరు మాత్రం మిగిలింది.

భార్య రెండుసార్లు ఆస్పత్రిలో చేర్పించింది. రెండుసార్లూ పది రోజుల్లో మనిషి తేరుకొని వచ్చాడు. రెండుసార్లూ నెలలోపే మొదటికి వచ్చాడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని చుట్టాలు పెదవి విరిచారు. కూతురు పదవ తరగతి. ఫీజుకని దాచిన డబ్బు ఒక శనివారం సాయంత్రం మాయమైంది. ఆ పిల్ల తండ్రితో మాట్లాడడం మానివేసింది.

ఇందులో తప్పు ఎవరిది? ఆస్పత్రిలో ఒంటికి వైద్యం జరిగింది. నడుము నొప్పికి జరగలేదు, నిద్ర పట్టని రాత్రికి జరగలేదు. ఆ నొప్పి వెనుక ఇంకా లోతున ఉన్న మరొక సంగతిని ఎవరూ అడగనే లేదు. అతని తండ్రి కూడా తాగి తాగి పోయినవాడే. చిన్ననాడు తల్లిపై పడే దెబ్బలు చూస్తూ గంప చాటున దాక్కున్న పిల్లవాడు ఈ మేస్త్రి.

కల్లులో కలిసిన మందు

తెలంగాణలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉన్నది. తాటి, ఈత చెట్టు నుంచి దించిన కల్లులో మత్తు స్వల్పం. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, ఎక్కువసేపు నిలవదు. నగరంలో గిరాకీ పెరిగి చెట్లు తరిగేసరికి కొందరు వ్యాపారులు నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులు కలిపి కల్లుగా అమ్మడం మొదలుపెట్టారు. ఇవి నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు కొద్ది మోతాదులో, కొద్ది రోజులకు రాసే మందులు. రోజూ ఎంత పడిందో తెలియకుండా తాగినవానికి అలవాటయ్యేది కల్లు కాదు, ఈ మందులే.

హైదరాబాదులో కల్లు కంపౌండ్లను 2004లో ప్రభుత్వం మూయించింది. 2014లో అవి తిరిగి తెరచుకున్నవి. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు ముమ్మరం కాగా నిజామాబాద్ తదితర జిల్లాలలో కల్లు దొరకక వందలాది మంది వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆస్పత్రులకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలన్నీ మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు రోగులు బారులు తీరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలోని కంపౌండ్లలో తాగినవారు పదుల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. పలువురు మరణించారు. ఆ కల్లులో అల్ప్రాజోలం ఉన్నట్లు పరీక్షలలో తేలింది.

ఈ సంఘటనలు నేర్పే పాఠమొకటున్నది. దొరకకుండా చేసినంత మాత్రాన అలవాటు పోదు. పైగా ఉన్నట్లుండి ఆపివేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రోజూ ఎక్కువగా మద్యం తాగేవానికి ఆపిన మొదటి రెండు రోజులలో వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం వంటి ప్రమాదకర స్థితి రావచ్చు. కల్తీ కల్లుకు అలవాటు పడినవారికీ ఇంతే. అందుచేత "ఈ రోజుతో బంద్" అని గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. డాక్టరు పర్యవేక్షణలో మందు మోతాదును మెల్లగా తగ్గిస్తూ, బి-1 విటమిను ఇస్తూ, నీరు, ఆహారం చూసుకుంటూ దించాలి. ఇందుకు సాధారణంగా వారం పది రోజులు పడుతుంది. వైద్యంలో మొదటి భాగం ఇంతవరకే.

వేరు ఎక్కడున్నది?

మత్తు పదార్థమే మనిషిని పట్టుకుంటుందా, మనిషే ఏదో బాధ తాళలేక దానిని పట్టుకుంటున్నాడా అన్న ప్రశ్నపై లోకంలో చాలా పరిశోధన జరిగింది.

వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికులలో అయిదింట ఒకవంతు మంది అక్కడ హెరాయిన్ తదితర మత్తుకు బానిసలయ్యారు. వారంతా 1971 ప్రాంతంలో స్వదేశానికి తిరిగి వస్తుంటే ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వారిని వెదకి ప్రశ్నించింది. తిరిగి వచ్చిన తొలి సంవత్సరంలో మళ్లీ బానిసలైనవారు నూటికి అయిదుగురు మాత్రమే. యుద్ధభూమి, భయం, ఒంటరితనం పోయినవి. ఇల్లు, పని, తెలిసిన మొగాలు తిరిగి దొరికినవి. చాలామందికి మత్తుతో అవసరమే తీరిపోయింది.

1998లో అమెరికాలోనే వెలువడిన మరొక అధ్యయనం తొమ్మిదివేలకు పైగా పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగింది. దెబ్బలు, అవమానాలు, తల్లిని కొట్టడం చూడటం, ఇంట్లో తాగుబోతు ఉండటం వంటి చేదు అనుభవాలు నాలుగు రకాలు గాని అంతకు మించి గాని చవిచూసినవారిలో తాగుడు, మత్తుమందులు, దిగులు జబ్బు, ఆత్మహత్యా యత్నం వంటి ముప్పులు అటువంటి అనుభవం ఒక్కటీ లేనివారికంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు అధికంగా కనిపించినవి. గంప చాటున దాక్కున్న ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడైనా ఆ భయం వానిలోనే ఉన్నదని దీని భావం.

అట్లని బాల్యంలో బాధపడిన ప్రతివాడూ తాగుబోతు కాడు. వంశపారంపర్యం, మెదడు తీరు, స్నేహాలు, చేతికందే దూరంలో దుకాణం, అప్పులు, నిరుద్యోగం అన్నీ కలిసి ఈ జబ్బును తెస్తున్నవి. గుర్తించని దిగులు జబ్బు, ఆందోళన, నిద్రలేమి కూడా చాలామందిలో తాగుడు వెనుక దాగి ఉంటున్నవి. అందుకే ఒకరికి పనిచేసిన ఉపాయం మరొకరికి పనిచేయదు. ఎవరి వేరు వారిదే.

"ఎందుకు తాగావు?" అని అడగరాదు

రెండవ భాగపు వైద్యం మాటలతో జరిగే వైద్యం. దీనినే కౌన్సెలింగ్ అంటున్నారు. ఉపదేశం వేరు, ఇది వేరు. తాగడం తప్పని తాగేవానికి తెలియక కాదు. ఆ మాట ఇంట్లో, వీధిలో, అత్తవారింట వేయిసార్లు విన్నాడు.

1983లో విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక కొత్త పద్ధతిని ప్రతిపాదించాడు. రోగితో వాదించవద్దు. వాదిస్తే అతడు తన తాగుడును సమర్థించుకుంటూ పోతాడు. మారాలన్న కోరిక ప్రతివానిలో ఏదో మూల ఉంటుంది. ఆ కోరికను వాని నోటనే పలికించాలి. "ఎందుకు తాగావు?" అన్నది నిలదీసే ప్రశ్న. "తాగితే నీకేం దొరుకుతున్నదన్నా?" అన్నది తెలుసుకునే ప్రశ్న. మొదటి ప్రశ్నకు మన మేస్త్రి తల దించుకుంటాడు. రెండవ దానికి, కొంతసేపటికి, "నిద్ర పడ్తది సారూ" అంటాడు. వైద్యానికి దారి అక్కడ తెరచుకుంటుంది. నడుముకు వైద్యం, నిద్రకు మత్తులేని ఉపాయం, ఆపైన నిద్రలో వచ్చే పీడకలల గురించి మాట. ఒక్కొక్క పొర అట్లా విడుతుంది.

అయితే లోతు గాయాన్ని మొదటి రోజే కెలకడం మంచిది కాదు. ముందు ఒళ్లు కుదుటపడాలి, మనసు కొంత నిలవాలి. ఆ తర్వాతనే పాత సంగతులు నెమ్మదిగా తీయాలి. లేకుంటే ఆ బాధ తాళలేక మళ్లీ సీసా పట్టే ప్రమాదమున్నది.

మరొక పని, తిరిగి జారే చోట్లను ముందుగా గుర్తించడం. మానిన మనిషి మళ్లీ తాగేది ఎక్కువగా మూడు సందర్భాలలోనని అలన్ మార్లట్ అనే శాస్త్రవేత్త చూపాడు. కోపం, దిగులు వంటివి మనసును కమ్మినప్పుడు. ఇంట్లోనో పనిలోనో తగాదా జరిగినప్పుడు. పక్కవాడు బలవంతపెట్టినప్పుడు. కౌన్సెలరు రోగితో కూర్చొని అతని దినచర్యను గంట గంటకూ రాయిస్తాడు. మన మేస్త్రికి గండం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు. కూలి చేతికి వచ్చే శనివారం ఇంకా పెద్ద గండం. కూలి భార్య చేతికి ఇప్పించడం, ఇంటికి వేరే దారిలో రావడం, ఆ గంటలో కడుపు నిండా తినడం, ఎవరైనా పిలిస్తే ఏమని చెప్పాలో ముందే అనుకొని ఉండటం వంటివి చిన్న ఉపాయాలే. కాని జారే కాలికి ఊతమిచ్చేవి ఇవే.

ఒకసారి జారితే అంతా పోయినట్లు కాదని కూడా ఈ వైద్యం చెబుతున్నది. షుగరు, బి.పి. జబ్బుల వలెనే ఇదీ ఏళ్ల తరబడి చూసుకోవలసిన జబ్బు. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వంటి మందులు డాక్టరు సలహాపై తోడ్పడుతవి. మందు, మాట రెండూ కలిసినప్పుడే మేలు.

తెలియకుండా కలిపే పొడులు వద్దు

"తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి" అనే ప్రకటనలు గోడల మీద కనబడుతుంటవి. ఆశ చావని ఇల్లాండ్రు పుస్తెలు కుదువబెట్టి కొంటున్నారు. డైసల్ఫిరామ్ అనే మందు ఉన్నది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. తెలిసి, ఒప్పుకొని, డాక్టరు పర్యవేక్షణలో వాడితే అది సాయం. తెలియకుండా పెడితే ప్రాణాపాయం. ఒకవేళ బతికినా, పెళ్లాం విషం పెట్టిందన్న అనుమానం ఆ సంసారాన్ని మిగల్చదు.

చితకబాది, గొలుసులు వేసి మానిపిస్తామనే చోట్లకు కూడా తీసుకుపోరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ మానసిక రోగినీ గొలుసులతో కట్టరాదని నిషేధించింది. మద్యం, మత్తు వలన కలిగే మానసిక స్థితులు కూడా ఈ చట్టం పరిధిలోనివే. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలన్నది కూడా చట్టమే.

ఇంటిల్లిపాదికీ చికిత్స

తాగేది ఒకడే అయినా జబ్బుపడేది ఇల్లంతా. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ నెలకొల్పిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ సంగతిని గట్టిగా చెప్పింది. తాగుడు కారణంగా భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ఆమె. రోగితో పాటు కుటుంబానికీ అక్కడ చికిత్సలో చోటున్నది. ఆ సంస్థ 1989 నుంచి తమిళనాడులోని మంజక్కుడి గ్రామంలో శిబిరాలు నడిపి, ఈ వైద్యం పల్లెలోనూ సాధ్యమని నిరూపించింది. ఆమెకు 1992లో పద్మశ్రీ లభించింది.

ఇల్లాలికి ఈ వైద్యం నేర్పేది కొన్ని మాటలే. మత్తులో ఉన్నవానితో వాదించవద్దు, తెల్లవారిన తర్వాత మాట్లాడు. అతని అప్పులు నీవు తీర్చవద్దు, పనిలో అతని తరఫున అబద్ధాలు చెప్పవద్దు. దెబ్బలు పడితే ఓర్చుకోవడం భర్తకు సాయం కాదు, నీకూ పిల్లలకూ రక్షణ వెదుక్కో. అతడు తాగడం నీ తప్పు కాదు. ఈ చివరి మాట వినడానికే కొందరు ఇల్లాండ్రు ఏళ్ల తరబడి ఎదురుచూసి ఉంటారు. పదవ తరగతి కూతురుకు కూడా ఈ మాట చెప్పాలి. ఆ పిల్ల మనసులోని భయానికి ఈనాడే మాట దొరికితే, రేపు ఆ ఇంట మూడవ తరం సీసా పట్టకుండా ఉంటుంది.

దూబగుంట చూపినది

1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చినవి. 1997లో మద్య నిషేధం సడలిపోయింది. ఆ తల్లుల పోరాటం వృథా కాలేదు. తాగుడు మగవాని సొంత వ్యవహారం కాదని, ఇంటిల్లిపాది సమస్య అని అది లోకానికి చాటింది. అయితే దుకాణం మూతపడినప్పుడు చేతులు వణికే మనిషికి పక్క మంచం, పక్కన కూర్చొని వినే మనిషి కూడా కావాలన్న ఏర్పాటు నాడు జరగలేదు. 2015లో, 2020లో కనిపించింది ఆ లోటే.

ఎర్రగడ్డ అంటే జంకెందుకు?

మన వాడుకలో "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది తిట్టు. ఆ తిట్టు వలననే ఎందరో ఆ గడప తొక్కడం లేదు. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో తాగుడు మానిపించే వైద్యం లభిస్తున్నది. ఎల్.బి.నగర్‌లో గాని దిల్‌సుఖ్‌నగర్‌లో గాని మెట్రో రైలెక్కితే మధ్యలో మారే పని లేకుండా ఎర్రగడ్డ స్టేషనులోనే దిగవచ్చు. వెళ్లలేనివారు మత్తు విముక్తికై జాతీయ ఉచిత ఫోను నంబరు 14446కు, మానసిక బాధలకై టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఎయిమ్స్ వారు జరిపి 2019లో వెల్లడించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక రకమైన సాయం అందినది ఒక్కనికే. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందినది 180 మందిలో ఒక్కడు. ఇంతమందికి డాక్టర్లు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్నకు గోవా ఒక సమాధానం చెప్పింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, మానసిక వైద్యంలో చదువు లేని సామాన్యులకే శిక్షణ ఇచ్చి, హాని కలిగించే స్థాయిలో తాగే పురుషులతో నాలుగు విడతల వరకు మాట్లాడించారు. 377 మందిపై జరిపిన ఈ పరీక్ష ఫలితాలు 2017లో వెలువడినవి. మూడు నెలల తర్వాత చూడగా, మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 26 మంది తాగుడును అదుపులోకి తెచ్చుకోగా, మాటల వైద్యం కూడా పొందినవారిలో 36 మంది తెచ్చుకున్నారు. పూర్తిగా బానిసలైనవారు ఈ పరీక్షలో లేరు. వారికి ఆస్పత్రి తప్పదు. కాని ఆ స్థితికి చేరకముందే ఆపగల దారి ఇది.

నగరంలో బస్తీ దవాఖానాలున్నవి, వీధి వీధి తెలిసిన ఆశా కార్యకర్తలున్నారు. వారానికొక సాయంత్రం, కూలీలు పని దిగే వేళకు, తీర్పు చెప్పకుండా వినగల ఒక మనిషిని అల్మాస్‌గూడ, మీర్‌పేట, బాలాపూర్ వంటి చోట్ల కూర్చోబెట్టడం ప్రభుత్వానికి పెద్ద భారం కాబోదు. ఉదయం పదింటికి తెరచి మధ్యాహ్నం మూసే కౌన్సెలింగ్ కేంద్రం కూలి మనిషికి అక్కరకు రాదు. ఆరోగ్య శాఖ అధికారులు ఈ విషయమై దృష్టి సారించవలసి ఉన్నది.

మన మేస్త్రి మూడవసారి ఆస్పత్రికి వెళ్లవలసి ఉన్నది. ఈసారైనా అతనిని పది రోజులకే "నయమైంది" అని పంపివేయకుండా, నడుము ఎట్లున్నదని, రాత్రి నిద్ర పడుతున్నదా అని, చిన్ననాడు ఇంట్లో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చాలు. మానై కూడా మనిషి వంగుతాడు. వంచే చేతిలో ఓపిక ఉండాలి.